అరవై మూడు బారలు

పౌర్ణమి పోటు కొలిచి నాలుగు రోజులైనా మొగపేటలో ఆ సంబరం ఇంకా తగ్గలేదు.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు, పొద్దుటి పోటు పూర్తిగా ఎక్కాక, అమ్మోరి గుడి మెట్టు దగ్గర నుంచి తడి ఇసుక దాకా తాడు లాగి, ఆ తాడును బారలుగా కొలవడం ఆ ఊరి ఆనవాయితీ. రెండు చేతులూ పక్కలకి చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఒక బార. ఇరవై ఏడేళ్ళుగా ఆ కొలత తులసి మావగారు గంగులుదే. ముందటేడు అరవై అయిదు బారలు, నిరుడు అరవై ఒకటి. ఈ వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి స్వాధీనం తప్పడంతో, ఈసారి ఆయన బావమరిది ధనరాజు కొలిచాడు. అరవై మూడు వచ్చింది. అంటే సముద్రం రెండు బారలు వెనక్కి తగ్గింది.

ఆ పూటే పెద్దలు కూర్చుని తీర్మానం చేసేశారు. తీరం నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి సర్కారు ఇస్తానంటున్న కాలనీకి ఎవరూ వెళ్ళనక్కర్లేదు. ఊరి మాట కాదని సమ్మతి వేలిముద్ర వేసినవాళ్ళకి ఊరంతా కలిసి ఒడ్డుకి లాగే పెద్దవలలో వాటా ఉండదు. కాలనీ జాబితా సోమవారం సాయంత్రం మూసేస్తారు. ఆ తరవాత ఆ స్థలాలు ఇంకో ఊరికి వెళ్ళిపోతాయి.

సంబరపడనిది తులసి ఒక్కతే. పెళ్ళయి వచ్చిన నాడు ఆమె ఇల్లు సముద్రం వైపు నుంచి ఆరోది. ఇప్పుడు రెండోది. మొగుడు గిరిబాబు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నాడు. ఫోను చేస్తే, "ఊరోల్లు ఎలాగంటే అలాగే. నువ్వూ మా అయ్యా సూసుకోండి" అన్నాడు. సూసుకోవలసింది ఆమే. బట్టలు కుట్టి ఇల్లు గడుపుతున్న మనిషి కాబట్టి, గంగులు చెయ్యి పొడవూ ధనరాజు చెయ్యి పొడవూ ఆమె కొలతల పుస్తకంలో ఒకే పేజీలో ఉన్నాయి. ఆ పేజీలో ఆ రెండు అంకెలకీ చాలా తేడా ఉంది. ఆదివారం పొద్దున్న గంగులుకి నూనె రాస్తున్న వంకన రెండు చేతులూ తనే పట్టి చాపి, వీపు వెనక నుంచి టేపు పెట్టింది. అరవై అంగుళాల టేపు అయిపోయి, ఇంకో పన్నెండు కావలసి వచ్చింది. గంగులు ఆమె వంక ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు.

అదే రోజు మధ్యాహ్నం, టేపు మెడలో వేసుకుని, ఆమె ధనరాజు వలల పాకకి వెళ్ళింది.

పాకలో పెద్దవల గుట్టలా పడి ఉంది. ధనరాజు దాని పక్కన పీట మీద కూర్చుని తెగిన కన్నులు ముడివేస్తున్నాడు. అతని భార్య దుర్గ కాస్త ఎడంగా కూర్చుని ఎండుచేపల్లో ఇసుక దులుపుతోంది.

"ఏటే కోడలా, ఇంతెండలో టేపు ఏసుకుని బయల్దేరినావు? ఎవుల్ని ఉరి తీసీడానికి?" అన్నాడు ధనరాజు.

"నీకే మావా. పండక్కి సొక్కా కుట్టమన్నావు కదా, కొలత తీసుకుందామని."

"నా కొలత నీ కాడ ఉన్నాది కదే."

"నిరుటిది. ఈ ఏడు పొట్ట పెరిగినాది."

దుర్గ పకపకా నవ్వింది. "పొట్టొక్కటేటి, నోరూ పెరిగినాది. దానికీ పెట్టు టేపు."

ధనరాజు లేచి నిలబడ్డాడు. పొట్టిగా, గట్టిగా, నాటిన గుంజలా ఉంటాడు. తులసి మెడ కొలిచింది. భుజం కొలిచింది. ఛాతీ కొలిచి పుస్తకంలో రాసుకుంది. ఆమెకి తొందర లేదు. చేతి పొడవు కూడా తీసుకుని, ఏమీ ఎరగనట్టు అంది.

"రెండు చేతులూ బార్లా సాపు మావా."

టైలరు చెప్పిన పని ఎవరైనా ఆలోచించకుండానే చేస్తారు. ధనరాజు చేతులు చాపాడు. టేపు కొసని అతని ఎడమ చేతి నడిమి వేలి మీద నొక్కిపట్టమని దుర్గకి ఇచ్చి, వీపు మీదుగా లాగింది. అరవై దగ్గర చాకుపీసుతో కుడి అరచెయ్యి వెనక గీత పెట్టింది. గీత దాటాక ఇంకా నాలుగు.

అప్పటికి ధనరాజు చేతులు దించేశాడు.

"సొక్కాకి బారెందుకే?"

తులసి పుస్తకం మూసింది. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఎలా మొదలుపెట్టాలో రెండు మూడు రకాలుగా అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మావది డెబ్భై రెండు అంగుళాలు. నీది అరవై నాలుగు."

"అయితే? నాను పొట్టోన్నని ఊరందరికీ తెలుసు. దానికి టేపెందుకు?"

"ఊరందరికీ తెలుసు. తాడు కొలిసిన రోజు మాత్రం ఒక్కలికీ గుర్తు రానేదు. అదేటో నాకు అంతుపట్టక వచ్చినాను."

ధనరాజు మొహంలో నవ్వు పోయింది. కానీ విషయం ఇంకా ఎక్కలేదని తులసికి తెలుస్తూనే ఉంది. ఆ ఊళ్ళో బార అంటే బారే. ఎవరి వల వాళ్ళు ఎవరి చేతులతో వాళ్ళు కొలుచుకుంటారు. అవతలివాడి బారతో ఎవరికీ ఎప్పుడూ పని పడదు.

"ఆ తాడు తీసి పది బారలు కొలు మావా."

"ఎందుకు?"

"కొలు. కొలిస్తే నీ సొమ్మేటి పోతాది?"

దుర్గ చేటని పక్కన పెట్టేసింది. ధనరాజు గొణుక్కుంటూ తాడు అందుకున్నాడు. ప్రతి బారకీ తాడు రొమ్ముకి ఆనేలా లాగి లెక్కపెడుతూ, పదో బార దగ్గర ముడి వేసి ఆమె కాళ్ళ దగ్గరకి విసిరాడు. పాక బయట బోర్లించిన పడవ ఉంది. తులసి దాని చెక్క మీద డెబ్భై రెండు అంగుళాలు కొలిచి, ఈ చివరా ఆ చివరా చాకుపీసు గీతలు పెట్టింది.

"ఇది మావ బార. ఇప్పుడు నీ పది బారల తాడు దీని మీద పెట్టు."

పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది దాటాక తాడు తొమ్మిదోసారి అవతలి గీతని అందుకోలేదు. జానెడు దూరంలో ముడి ఆగిపోయింది.

ధనరాజు తాడు మొత్తం మళ్ళీ తీసి, బిగించి, మొదటి నుంచి పెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"పదికి ఒకటి పైనే పోనాది. మరి అరవై మూడుకి?" అంది తులసి.

లెక్క కట్టింది దుర్గ. వేళ్ళు మడిచి చూసుకుని, "ఏడు" అంది. అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మా."

"ఏడు పోతే యాబై ఆరు. నిరుడు అరవై ఒకటి. సముద్రం ఎనక్కి ఎల్లనేదు మావా. ఒక్క ఏడులో అయిదు బారలు ముందుకొచ్చీసినాది."

ధనరాజు పడవ చెక్క మీది గీతల్ని అరచేత్తో తుడిచేశాడు. ఎందుకు తుడిచాడో తులసికి అర్థం కాలేదు. అతని ముఖం నల్లబడింది. దొరికిపోయిన కోపమా, తెలియక చేసిన తప్పు బయటపడిన సిగ్గా అని ఆమె అతని కళ్ళలోకే చూస్తోంది.

"ఏటలా సూస్తావు? నాను కావాలని సేసినాననా?"

"అడగడానికే వచ్చినాను."

"అడుగు మరి. నోటితో అడుగు."

అడిగింది. "నీ పెద్దవల లాగడానికి అటు ఇరవై మంది, ఇటు ఇరవై మంది కావాల. ఊరు ఆరు కిలోమీటర్ల అవతలికి ఎల్లిపోతే తెల్లారి తాడు పట్టుకోడానికి ఎవులొస్తారు? వల మూల పడతాది. అది నీకు తెలీదా?"

ధనరాజు గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు. అరిస్తే బాగుండేదనిపించింది తులసికి.

"తెలుసు. వల మూలపడితే నాను ఏడుస్తాను. మా అయ్య సచ్చినప్పుడు ఎంత ఏడిసినానో అంత ఏడుస్తాను. దానికోసమని నలబై కొంపల్ని నీట్లో ముంచుతానా నాను? నీ మొగుణ్ణి ఈ సేతుల్తో ఎత్తుకుని పెంచినాను కదే." దమ్ము తీసుకున్నాడు. "నన్నడిగినావు కదా, మరి నానూ అడుగుతాను. సచివాలయంలో కాలనీ జాబితా రాసే కుసుమకుమారి మీ ఇంటికి మూడు పాలి వచ్చిందంట. మా ఇంటికి ఒక్క పాలీ రానేదు. నీకు రోడ్డు పక్కని పలాటు రాసిచ్చిందని అనుకుంటన్నారు. మిషనుకి కరెంటు, కొట్టుకి జాగా. అవునా కాదా?"

"ఎవులన్నారు?"

"అందరూను."

తులసికి మొహం మండిపోయింది. కుసుమకుమారి వచ్చిన మాట నిజమే. వచ్చింది జాకెట్లకి. ఆ సంగతి చెబితే ఇంకా అబద్ధంలా ఉంటుందని తోచి ఊరుకుంది.

"ఆపండి మీ గోల" అంది దుర్గ. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు పొట్టోడివని నాకు పెళ్ళి నాడే తెలుసు. నీకు తెలీదేటి? మన ఊళ్ళోనే ఆ మురళీమోహన్ తాడిచెట్టులాగ ఉంటాడు, ఆడి సేత కొలిపించకపోనావా?"

"నాను అనలేదేటి ఆ మాట!" ధనరాజు వల మీదున్న సూది తీసి నేల మీద కొట్టాడు. "నాకొద్దు, మురళీమోహన్‌కి ఇచ్చీమని నానే అన్నాను. బావే ఒప్పలేదు. తలడ్డంగా ఊపినాడు. ఆ ఎడం సేత్తో తాడు తీసి నా సేతిలో ఎట్టినాడు. పక్కనే బల్ల మీద కూకుని ప్రతి బారా సూసినాడు. ఇరవై ఏడేళ్ళు కొలిసిన మనిషికి నా బార కురసని తెలీదేటి తులసీ? నన్నడగడానికి వచ్చినావు. మీ ఇంట్లో అడిగినావా?"

తులసి టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట కుదరలేదు. విప్పి మళ్ళీ చుట్టింది.

పొద్దున్న నూనె రాస్తున్నప్పుడు ఆయన కళ్ళు ఎందుకు మూసుకున్నాడో అప్పుడు అర్థమైంది.

*

గంగులు పెరట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మొదటి వరస ఇంటివాళ్ళు కూలిన గోడల్లోంచి ఇటుకలు ఏరుకుంటుంటే చూస్తున్నాడు. దీపాలు పెట్టే వేళ. తులసి కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ధనరాజు మావ కాడికి ఎల్లొచ్చినాను."

"తెలుసు. నువ్వు టేపు పెట్టినప్పుడే అనుకున్నాను." ఆయన మాట ఈమధ్యే సాపు అయింది. వేసవిలో రెండు నెలలు నోరు పక్కకి లాగేసి ఏం మాట్లాడినా ముద్దగా వచ్చేది.

"యాబై ఆరు."

"యాబై ఆరే. కంటితో సూసి నాను యాబై ఏడు అనుకున్నాను."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. పక్కనున్న తిరగలి మీద కూర్చుంది.

"మరెందుకు మావా? రేపు సముద్రం కాటుకి గోడ పడిపోతే? నా కూతురు, నీ మనవరాలు, ఆ గోడ పక్కనే పడుకుంటాది."

గంగులు చచ్చుబడిన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కాలనీ జాగా నువ్వు సూసినావా?"

"సూసినాను. అందరితోటీ ఆటోలో ఎల్లినాను కదా. ఎర్రమట్టి, చదునుగా ఉన్నాది. రోడ్లు గీసినారు."

"నాను సూసినాను, పన్నెండేళ్ళప్పుడు. పెద్ద గాలివాన వస్తాదంటే మా అయ్యా, ఇంకో పది మందీ పడవల్ని ఏరు సముద్రంలో కలిసే మొగ లోంచి పైకి తోసుకుని పోయి ఆ తంపరలో దాసినారు. తెడ్డు ముంచితే అడుగు తగల్లేదు. మూడు రోజులు పడవల్లోనే పడుకున్నాం. తాటిచెట్ల మొవ్వులకి తాడు కట్టినాం. మొదలుకి కాదే, మొవ్వులకి. మా తాతలు కూడా పడవలు అక్కడే దాసుకున్నారంట. గాలికి పడవ తేలి బతికే సోటు అది. అక్కడ ఇల్లు కడతారంట."

తంపర అంటే ఏటి పక్కన నీరు నిలిచే పల్లపు నేల. ఆ పేరు తులసి విన్నదే. కానీ కాలనీ స్థలానికి కాగితాల మీద ఏదో సర్వే నంబరు ఉంది. ఎవరూ ఆ పేరుతో అనలేదు.

"మరి మీటింగులో సెప్పవలసింది."

"సెప్పినాను. జ్యేష్ఠంలో ఆపీసరు వచ్చినప్పుడు లేసి నిలబడి సెప్పినాను. నా నోట్లోంచి ఏటొచ్చిందో నాకే తెల్దు. ఆ బాబు, కూకో పెద్దాయనా, నీకు మందులకి రాయిస్తాను అన్నాడు. మనోల్లు నవ్వినారు." గంగులు కూలిన గోడల వైపే చూస్తున్నాడు. "నా మాట ఎవులూ ఇనరని అప్పుడే తెలిసినాది. తాడు మాటైతే ఇంటారు. అందుకే పొట్టోడి సేతికి ఇచ్చినాను."

"నాకు సెప్పకూడదా?"

"సెప్తే నువ్వు ఊరుకోవు. ఊరందరికీ సెప్పీసి, ఇటూ అటూ కాకుండా సేస్తావు. ఇప్పుడు సేసినావు కదా."

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. కానీ అంతకంటే ముందు ఇంకో ఆలోచన వచ్చింది, అది వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది. తాడు చేత అబద్ధం ఆడించినవాడు ఇప్పుడు నోటితో నిజమే చెబుతున్నాడని ఏమిటి నమ్మకం? ఈ మనిషి డెబ్భై ఏళ్ళుగా సముద్రం ఎదురుగానే నిద్ర లేచాడు. ఇక్కడి నుంచి కదలకుండా ఉండటానికి ఒక కథ కాకపోతే ఇంకో కథ చెప్పడా?

"ఆ తాటిచెట్లు ఇప్పుడు లేవు మావా. అంతా చదును."

"కొట్టీసినారు కాబట్టి లేవు."

"మరెలా తెలుస్తాది?"

గంగులు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. తనని నమ్మడం లేదని ఆయనకి అర్థమైనట్టే ఉంది. బాధపడలేదు. పని చెప్పేవాడిలాగ చెప్పాడు.

"తవ్వు. ఎర్రమట్టి ఎంత మందం ఉంటే అంత ఆల్లు లారీల్తో తెచ్చి పోసిందే. దాని కింద నల్ల బురదా, ఏటి గుల్లలూ తగల్తాయి. మూడడుగులో, నాలుగో. ఒకేళ గట్టినేల తగిలిందంటే, నాను ముసిలోన్ని, మతి పోయి మాట్లాడినాననుకో. మీరు సుబ్బరంగా ఎల్లండి. నన్నిక్కడ వదిలీండి."

*

తెల్లవారి తులసి పార పట్టుకుని ఆటో కోసం వీధిలోకి వస్తుండగానే జనం ఎదురొచ్చారు.

దుర్గ ఊరుకోలేదు. రాత్రికి రాత్రి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. పొద్దున్నే గుడి దగ్గర ధనరాజు చేతా, మురళీమోహన్ చేతా ఒకే తాడుని పక్కపక్కనే కొలిపించారట. నిన్నటిదాకా సముద్రం తగ్గిందని సంబరపడిన వాళ్ళందరికీ ఒక్కసారిగా భయం పట్టుకుంది. ఆధార్ కార్డులూ రేషన్ కార్డులూ ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని, నలభై ఇళ్ళ మనుషులూ వీధిలోనే ఉన్నారు. వాళ్ళ మధ్యలో, వేలిముద్రల మిషను బ్యాగు భుజాన వేసుకుని, సచివాలయం కుసుమకుమారి. ఇరవై ఆరేళ్ళ పిల్ల. నిద్ర లేని ముఖంతో ఉంది.

"ఊరి తీర్మానం కొట్టీసినాం" అన్నాడు ధనరాజు. గొంతు బొంగురుపోయింది. "తప్పు నా సేతుల్ది. దాన్ని పట్టుకున్నది మా కోడలు. అందుకని మొదటి వేలు దాందే. అందరం అనుకున్నాం. రావే."

ఎవరో తులసి చేతిలో పార తీసేసుకున్నారు. అరుగు మీద మిషను పెట్టారు. కుసుమకుమారి ఆమె ఆధార్ నంబరు అడగకుండానే కొట్టేసింది. మిషను మీద ఎర్ర వెలుగు వచ్చింది.

"బొటనవేలు పెట్టండక్కా."

వేలు పెడితే, పాత ఇల్లు ఖాళీ చేసి కూల్చడానికి ఒప్పుకున్నట్టే. ఆ సంగతి అందరికీ తెలుసు. తులసి వెనక్కి చూసింది. గంగులు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఒక్క మాట అనడం లేదు. అంటే ఎవరూ వినరని ఆయనకి తెలుసు.

"ఆగండి" అంది తులసి.

వెనక వరసల వాళ్ళకి వినబడలేదు. మళ్ళీ అంది. తంపర సంగతి చెప్పింది, పడవలు దాచిన సంగతి చెప్పింది. ఆఫీసరు ముందు మావ లేచి నిలబడితే అందరూ నవ్విన సంగతి కూడా చెప్పింది. చెబుతున్నకొద్దీ ఎదురుగా ఉన్న ముఖాలు బిగుసుకుపోవడం ఆమెకి కనిపిస్తోంది.

"అంటే కొలత తప్పని గంగులుకి తెలుసా?" అన్నారెవరో.

తులసి అబద్ధం చెప్పలేకపోయింది. "తెలుసు."

వీధిలో కలకలం రేగింది. ఒకావిడ దుమ్మెత్తి గంగులు వైపు పోసింది. ధనరాజు మెల్లగా ముందుకొచ్చాడు.

"నిన్న నా పాకలోకొచ్చి నన్ను దొంగని సేసినావు. ఇయ్యాల మీ ఇంటి దొంగ బయటపడేసరికి, ఆడి మాట ఇనమంటన్నావు. ఏ మాట ఇనాల? తాడు మాట అబద్దం, నోటి మాట నిజమా? పొద్దు గూకితే జాబితా ఐపోతాది. మమ్మల్ని ఆపీసి, రేపు నువ్వొక్కదానివీ రోడ్డు పక్క పలాటులోకి ఎల్తావా?"

"నన్ను నమ్మొద్దు మావా. మా ఇంట్లో మావనీ నమ్మొద్దు" అంది తులసి. "సాయంత్రం దాకా టైముంది. గునపాలు తెచ్చి పదండి. ఆ జాగాలో నడిమధ్యని ఒక్క గొయ్యి తవ్వుదాం. గట్టినేల తగిలితే అక్కడే మొదటి వేలు నాది. మా ఇంటికి పెద్దవలలో వాటా కూడా వద్దు. గిరిబాబుకి నాను సెప్పుకుంటాను. బురద తగిలితే..."

"తగిలితే?"

ఇటు చూస్తే యాభై ఆరు బారలు. అటు ఏమిటో తవ్వాక కానీ తెలియదు.

ధనరాజు ఆమె ముఖంలోకి చూశాడు. నిన్న ఆమె అతన్ని చూసినట్టే చూశాడు.

"ఒరే, గునపాలు తెండ్రా" అన్నాడు చివరికి. "నాలుగు పారలు కూడా. ఆటోలు పిలవండి. నాను కూడా వస్తాను. ఈపాలి నా కళ్ళతో నానే కొలుస్తాను."

జనం కదిలారు. వీధంతా ఒక్కసారి గోలగోల అయిపోయింది. దుర్గ పెద్ద గొంతుతో ఎవరు ఏ ఆటో ఎక్కాలో చెబుతోంది. తులసి అరుగు మీది పార కోసం వంగింది.

ఆమె మణికట్టుని ఎవరో పట్టుకున్నారు. కుసుమకుమారి.

"అక్కా, వెళ్ళండి. చూడండి, ఫొటోలు తీసుకోండి, ఎవర్ని కావాలంటే వాళ్ళని అడగండి." ఆ పిల్ల చుట్టూ చూసి, ఇంకా గొంతు తగ్గించింది. "తవ్వడం మాత్రం వద్దు."

"ఎందుకు?"

"ఆ ఎర్రమట్టి పోసిన లారీల లెక్క రాసింది నేనే అక్కా" అంది కుసుమకుమారి. వీధి చివర గునపాలు ఎక్కించుకుని మొదటి ఆటో అప్పటికే మలుపు తిరుగుతోంది.